నిప్పు కన్న దీవి



సముద్రం నడుమ నేల ఎలా పుడుతుంది? కొన్ని దీవుల్ని నిప్పే కన్నది. అలాంటి ఒక దీవి మాంట్సెరాట్. కరీబియన్ సముద్రంలో ఉంది. బ్రిటన్ పాలనలోని చిన్న దీవి. పొడవు 16 కిలోమీటర్లు, వెడల్పు 11 కిలోమీటర్లు.

భూమి పైపెంకు ఒకే ముక్క కాదు. పెద్ద పెద్ద పలకలుగా ఉంది. అక్కడ సముద్రం అడుగున ఒక పలక ఇంకో పలక కిందికి మెల్లగా దూరుతోంది. దానివల్ల భూమి లోతున రాయి కరుగుతుంది. కరిగిన రాయి పైకి తన్నుకొస్తుంది. చల్లారి గట్టిపడుతుంది. లక్షల ఏళ్లు అలా పేరుకుని పేరుకుని నీటి పైకి లేచింది. అదే దీవి.

మన అండమాన్‌లోని బారెన్ దీవి కూడా ఇలా పుట్టిందే. దాని మీద మనుషులు ఉండరు. మాంట్సెరాట్ మీద మాత్రం సుమారు 11 వేల మంది ఉండేవారు. బూడిద కలిసిన నేల కదా, కూరగాయలు బాగా పండేవి.

దక్షిణాన ఉన్న సూఫ్రియర్ హిల్స్ కొండ తాతల కాలం నుంచీ నిద్రలోనే ఉంది. 1995 జూలై 18న లేచింది. పొయ్యి మీద గిన్నెకు మూత బిగిస్తే ఏమవుతుంది? ఆవిరి మూతను ఎగరగొడుతుంది. కొండలోనూ అంతే.

ఆ కొండలో కరిగిన రాయి నీళ్లలా పారదు. చిక్కగా వచ్చి కొండ నెత్తిన గుట్టలా పేరుకుంటుంది. గుట్ట కూలిందా, మండే బూడిద, రాళ్లు, వేడి గాలి కలిసి కిందికి ఉరుకుతాయి. వేగం గంటకు వంద కిలోమీటర్లు దాటుతుంది. పరుగెత్తి తప్పించుకోవడం ఎవరి వల్లా కాదు.

1996 ఏప్రిల్‌లో ముఖ్య పట్టణం ప్లిమత్‌ను ఖాళీ చేయించారు. జనం ఉత్తరానికి వెళ్లారు. బడుల్లో, చర్చిల్లో తలదాచుకున్నారు. దక్షిణానికి పోవద్దని శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. కానీ పొలం అక్కడుంది. పంట అక్కడుంది. కొందరు వెనక్కి పోయారు.

1997 జూన్ 25 మధ్యాహ్నం గుట్ట కూలింది. 19 మంది చనిపోయారు. చేలో పని చేసుకుంటున్న వాళ్లూ అందులో ఉన్నారు. ఉత్తరాన సాగుకు భూమి చూపించలేదని తర్వాత ప్రభుత్వంపై విమర్శ వచ్చింది.

ప్లిమత్ బూడిదలో కూరుకుపోయింది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దీవి విడిచిపోయారు. మిగిలిన వాళ్లు ఉత్తరాన కొత్త ఇళ్లు కట్టుకున్నారు. 2005లో కొత్త విమానాశ్రయం కూడా వచ్చింది. శాస్త్రజ్ఞులు ఇప్పటికీ రాత్రీ పగలూ కొండను కనిపెట్టి చూస్తున్నారు.

అక్కలారా! కొండను ఆపడం ఎవరి తరమూ కాదు. హెచ్చరిక వినగానే కదలడం జనం చేతిలో ఉంది. కదిలిన వాళ్లకు కూడు, గూడు, పని చూపించడం ప్రభుత్వం చేతిలో ఉంది. రెండూ జరిగితేనే ప్రాణాలు నిలుస్తాయి.