ముందు బోర్డు, తరువాత డిస్కు
(జంగారెడ్డిగూడెంలో పెన్షనర్ల సమావేశమున చేసిన ప్రసంగ పాఠం)



విండోస్ 10కి మైక్రోసాఫ్టు వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందువలన మనలో కొందరు కొత్త కంప్యూటరు కూర్పించుకునే ఆలోచనలో ఉన్నారు. మన ఊళ్లో దొరకని భాగం కోసం ఏలూరో, విజయవాడో వెళ్లాలి. తెచ్చినది పొసగకపోతే బస్సు ఛార్జీలు, ఒక రోజు శ్రమ వృథా. అందుచేత ఒక్కమాట మనవి చేస్తాను. ముందు మదర్‌బోర్డు నిశ్చయించుకోండి, తరువాతనే డిస్కు కొనండి.

పాత ఆఫీసు కంప్యూటర్లలో డిస్కును బోర్డుకు కలిపేది 40 పిన్నుల వెడల్పాటి రిబ్బను కేబులు. దానిని ఐ.డి.ఇ. అనేవారు. 2003 ప్రాంతంలో సన్నని కేబులుతో సాటా వచ్చింది. ఇప్పటి బోర్డులపై ఐ.డి.ఇ. సాకెట్టు ఉండదు. అయినా మనవల ఫొటోలున్న పాత డిస్కును పారవేయకండి. డిస్కు పాడవకుండా ఉంటే యు.ఎస్.బి. అడాప్టరు తగిలించి చదువుకోవచ్చును.

ఇప్పుడు చిక్కంతా ఎం.2 డిస్కుతోనే. ఇది 22 మిల్లీమీటర్ల వెడల్పు, సాధారణంగా 80 మిల్లీమీటర్ల పొడవు గల పలుచని పట్టీ. కేబులు లేకుండా బోర్డు మీదనే అమరుతుంది. ఆకారం ఒకటే గాని జాతులు రెండు: సాటా, ఎన్.వి.ఎం.ఇ. మొదటిది సెకనుకు సుమారు 550 మెగాబైట్లు చదువుతుంది. రెండవది, మూడవ తరం రకమైనా, 3,500 వరకు చదవగలదు. కొన్ని బోర్డుల స్లాటు రెండింటినీ స్వీకరిస్తుంది, కొన్ని ఒక్కదానినే. స్లాటులో పట్టింది గదా అని పనిచేస్తుందనుకోరాదు.

నాలుగవ తరం డిస్కును మూడవ తరం స్లాటులో పెట్టినా నడుస్తుంది, కాని మూడవ తరం వేగంతోనే. వేగం కోసమే అదనంగా పెట్టిన డబ్బు దండుగ. కొన్ని బోర్డులలో ఎం.2 వాడితే ఒక సాటా సాకెట్టు పనిచేయదు. ఈ వివరాలన్నీ బోర్డు తయారీదారు మాన్యువల్‌లో ఉంటాయి. బోర్డు పూర్తి పేరు, మోడలు నంబరు కాగితంపై వ్రాసుకుని, పిల్లల చేత ఆ పేజీ తీయించి చూడండి. షాపు వారిచేత బిల్లుపై డిస్కు మోడలు కూడా వ్రాయించండి.

చివరిగా, విండోస్‌కు ఎన్.వి.ఎం.ఇ. డిస్కు, ఫొటోలకు, పెన్షను కాగితాల నకళ్లకు వేరుగా సాధారణ హార్డ్ డిస్కు ఉంచుకోవడం మేలు. ఒకటి పోయినా రెండవది ఉండాలంటే ముఖ్యమైనవి రెండింటిలోనూ దాచండి.