ఎవరి పక్షాన నిలబడతారు?

(న్యాయ కళాశాల స్నాతకోత్సవ ప్రసంగం)



థాడియస్ స్టీవెన్స్ అనే అమెరికన్ వకీలు గురించి నాలుగు మాటలు చెబుతాను. ఆయన 1792లో వెర్మాంట్ రాష్ట్రంలో ఒక పేద ఇంట పుట్టారు. పుట్టుకతోనే ఒక పాదం వంకర. తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోతే తల్లి సారా నలుగురు కొడుకులనూ రెక్కల కష్టంతో పెంచింది. 1814లో డార్ట్‌మత్ కళాశాలలో పట్టా పుచ్చుకుని, పెన్సిల్వేనియాలో బడిపంతులుగా పనిచేస్తూ లా చదివి, 1816లో గెటిస్‌బర్గ్‌లో ప్రాక్టీసు పెట్టారు.

1821లో ఆయన గెలిచిన ఒక కేసు గురించి మీరు తప్పక తెలుసుకోవాలి. బానిసను ఆరు నెలలపాటు రాష్ట్రంలో ఉంచితే విముక్తి కలుగుతుందని పెన్సిల్వేనియా చట్టం. చారిటీ బట్లర్ అనే స్త్రీ ఆ చట్టం కింద తనకూ తన బిడ్డలకూ స్వేచ్ఛ కావాలని కోర్టుకెక్కింది. స్టీవెన్స్ యజమాని తరఫున నిలబడ్డారు. ఆమె వచ్చిపోయిన రోజులన్నీ కలిపి లెక్కించకూడదని, ఆరు నెలలూ ఏకబిగిన గడిచి ఉండాలని వాదించారు. రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకుంది. వకీలు గెలిచారు, తల్లీబిడ్డలు బానిసలుగానే మిగిలారు.

చట్టం తెలివిగా చదవడం వచ్చినవాడికి ఇలాంటి గెలుపు కష్టం కాదు. మీకూ రేపు ఆ తెలివి ఉంటుంది, దాన్ని కొనేవాళ్లూ ఉంటారు. అందుకే ఈ కేసు ముందు చెప్పాను.

1833లో స్టీవెన్స్ రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. మరుసటి ఏడాది పెన్సిల్వేనియా ఉచిత పాఠశాలల చట్టం చేసింది. అంతకుముందు, మేము పేదవాళ్లమని ఒప్పుకున్న తల్లిదండ్రుల పిల్లలకే సర్కారు ఖర్చుతో చదువు. ఆ ముద్ర ఇష్టంలేక చాలామంది పిల్లలను బడికే పంపలేదు. కొత్త చట్టం ఆ ముద్రను చెరిపేసింది గానీ, పన్ను వేసింది. జనం భగ్గుమన్నారు. 1835లో సెనేట్ రద్దుకు ఓటు వేసింది. స్టీవెన్స్ నియోజకవర్గమూ రద్దునే కోరింది. అయినా ఏప్రిల్ 11న ఆయన సభలో లేచి చట్టాన్ని సమర్థించారు. నేరస్థులను శిక్షించడానికి సంతోషంగా పన్ను కట్టేవాళ్లు, మనిషి నేరస్థుడు కాకుండా ఆపే చదువుకు కట్టమంటే ఎందుకు గోల పెడుతున్నారని నిలదీశారు. రద్దు ప్రయత్నం వీగిపోయింది. బడి నిలిచింది.

రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించడానికి 1837లో మొదలైన సభలో ఆయన సభ్యులు. కొత్త రాజ్యాంగం ఓటుహక్కును తెల్లవాళ్లకే పరిమితం చేసింది. స్టీవెన్స్ దానిమీద సంతకం పెట్టలేదు. 1851లో, పారిపోయి వచ్చిన బానిసలను పట్టుకోకుండా అడ్డుకున్నారని పెన్సిల్వేనియాలోని క్రిస్టియానాలో కొందరిమీద రాజద్రోహం కేసు పెడితే, ముద్దాయిల తరఫు వకీళ్లలో ఆయన ఒకరు. విచారణకు వచ్చిన ముద్దాయి నిర్దోషిగా బయటపడ్డాడు.

అమెరికా అంతర్యుద్ధం తర్వాత, ఆ దేశ కాంగ్రెస్‌లోని ప్రతినిధుల సభలో రాజ్యాంగ పద్నాలుగో సవరణను గెలిపించడానికి ముందుండి పోరాడినవాళ్లలో ఆయన ఒకరు. తాను కోరినంతా అందులో లేదని సభలోనే చెప్పి, దొరికినదాన్ని వదులుకోకూడదని ఓటు వేశారు. చట్టాల సమాన రక్షణ అన్న మాట ఆ సవరణలోదే. మీరు మొదటి ఏడాదిలో చదివిన మన రాజ్యాంగంలోని 14వ అధికరణంలోనూ ఆ మాట ఉంది. మన కోర్టుల్లో వివక్షపై వేసే రిట్ పిటిషన్లకు అది ఒక ముఖ్య ఆధారం.

ఆ సవరణ 1868 జులైలో అమల్లోకి వచ్చింది. ఆగస్టు 11న స్టీవెన్స్ కన్నుమూశారు. తెల్లవాళ్లకే చోటిచ్చే శ్మశానాలను కాదని, అన్ని జాతులవాళ్లనూ పూడ్చనిచ్చే చిన్న శ్మశానాన్ని ఆయన ముందే ఎంచుకున్నారు. లాంకాస్టర్‌లోని ఆ శ్మశానంలోనే ఆయన సమాధి ఉంది.

చారిటీ బట్లర్‌కు ఆయన చేసిన అన్యాయం వీటివల్ల చెరిగిపోలేదు. తర్వాతి లక్షలమందికి జరిగిన మేలు ఆమెకు అందలేదు. కానీ ఒక వకీలు తన తెలివిని ఎటు తిప్పాలో మళ్లీ తేల్చుకోగలడని ఆయన జీవితం రుజువు చేసింది.

పట్టభద్రులారా, ఫీజు తీసుకోండి, పేరు తెచ్చుకోండి, గెలవండి. కేసు ఫైలు తెరిచినప్పుడల్లా అవతలి పక్షంలో ఉన్న మనిషి పేరు కూడా ఒకసారి చదవండి. మీరు గెలిస్తే ఆ మనిషికి ఏమవుతుందో తెలుసుకున్న తర్వాతే వకాలత్ మీద సంతకం పెట్టండి.

శుభం. జై హింద్.