గుర్రం ఎందుకు చిక్కిపోతోంది?

(యానాం రాత్రిబడి చదువరుల కోసం చేసిన ప్రసంగ పాఠం)



ఒకప్పుడు రాజమండ్రిలో, కాకినాడలో రైలు దిగినవాళ్ళు జట్కా ఎక్కేవారు. తర్వాత ఆటోలు వచ్చాయి. జట్కాలు తగ్గిపోయాయి. అయినా గుర్రం పూర్తిగా పోలేదు. పెళ్ళి ఊరేగింపుకు గుర్రం కావాలంటారు. గుర్రాన్ని నమ్ముకుని బతికే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అలాంటి ఇంట్లో గుర్రం చిక్కితే, ఇల్లు చిక్కినట్టే.

ఒక గుర్రం ఉందనుకుందాం. మేత తింటోంది. నీళ్ళు తాగుతోంది. అయినా నెల తిరిగేసరికి పక్కటెముకలు బయటపడ్డాయి. అప్పుడు ఇరుగుపొరుగు ఏమంటారు? "దిష్టి తగిలిందయ్యా" అంటారు ఒకరు. "పాముల మందు పట్టించు" అంటారు ఇంకొకరు. "ఉలవలు పెంచు" అంటారు మరొకరు. ముగ్గురూ మంచి మనసుతోనే చెప్తారు. కానీ ఎవరూ గుర్రం నోరు తెరిచి చూడలేదు. దాని జ్వరం చూడలేదు.

చిక్కిపోవడం జబ్బు పేరు కాదు. అది ఒక గుర్తు. దాని వెనక కారణం వేరే ఉంటుంది. ఆ కారణాన్ని వరసగా వెతకాలి.

మొదట మేత చూడాలి

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. ఎంత దాణా? 100 కిలోల బరువుకు రోజుకు సుమారు 2 కిలోల ఎండు మేత కావాలి. పని ఎక్కువైతే మేత కూడా పెరగాలి.

మన డెల్టాలో వరిగడ్డి దండిగా దొరుకుతుంది. గేదె దాన్ని తిని నెమరు వేస్తుంది. గుర్రం నెమరు వేయదు. వట్టి వరిగడ్డి మీద గుర్రానికి బలం రాదు. తవుడు ఒక్కటే పెట్టినా చాలదు. తవుడులో సున్నపు సత్తువ తక్కువ. అది ఎముకలకు చేటు. పచ్చగడ్డి, ఉలవలు, కాస్త ఉప్పు, మంచినీళ్ళు కావాలి. మేత మార్చాలంటే కొద్దికొద్దిగా మార్చాలి. ఒక్కసారిగా ఉలవలు కుమ్మరిస్తే కడుపునొప్పి వస్తుంది. ఆ నొప్పి గుర్రం ప్రాణం తియ్యగలదు.

మేత వేసేది ఎవరు? చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు, పిల్లలు. ముందు వాళ్ళను అడగండి. గుర్రం ఎంత తింటోందో, ఎంత వదిలేస్తోందో వాళ్ళకే బాగా తెలుసు.

తర్వాత నోరు, లద్దె

గుర్రం పళ్ళు పెరుగుతూనే ఉంటాయి, అరుగుతూనే ఉంటాయి. ఒక్కోసారి సమంగా అరగవు. అప్పుడు దవడ పళ్ళ అంచులు కత్తుల్లా తయారవుతాయి. పైపళ్ళు బుగ్గను కోస్తాయి. కిందిపళ్ళు నాలుకను కోస్తాయి. గుర్రానికి ఆకలి ఉంటుంది, నమలలేదు. సగం నమిలిన గడ్డి ముద్దలు కింద పడతాయి. లద్దెలో ఉలవలు ఉలవలుగానే కనిపిస్తాయి. దీనికి టానిక్కు పనిచెయ్యదు. పశువుల డాక్టరు ఆకురాయిలాంటి పనిముట్టుతో ఆ పళ్ళను సరిచేస్తారు.

కడుపులో పాములుంటే, తిన్నది వాటి పాలవుతుంది. కంటికి పాములు కనబడకపోయినా లద్దెలో వాటి గుడ్లు ఉండవచ్చు. కొత్త లద్దె కొంచెం శుభ్రమైన సంచిలో వేసి, ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పరీక్షలో తెలుస్తుంది. ఏ మందు, ఎంత మందు అన్నది డాక్టరు చెప్తారు.

మేత సరిపోయింది. పళ్ళు బాగున్నాయి. లద్దెలోనూ ఏమీ లేదు. అయినా గుర్రం చిక్కుతోంది. అప్పుడేం చెయ్యాలి?

దాక్కునే జ్వరం

ఇప్పుడు 1880వ సంవత్సరం కథ వినండి. డేరా ఇస్మాయిల్ ఖాన్ అనే ఊరు ఉంది. అది ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. అప్పట్లో అక్కడ సైన్యం గుర్రాలు, ఒంటెలు చిక్కి చిక్కి చనిపోయేవి. ఆ జబ్బును సర్రా అనేవారు. గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువుల డాక్టరు వాటి రక్తాన్ని సూక్ష్మదర్శినిలో చూశాడు. రక్తంలో పాముల్లా మెలికలు తిరిగే సూక్ష్మజీవులు కనిపించాయి. జబ్బు గుర్రం రక్తాన్ని మంచి జంతువులకు ఎక్కించి చూశాడు. వాటికీ జబ్బు వచ్చింది. ఆ జీవులే జబ్బుకు కారణమని చెప్పాడు. పెద్ద అధికారులు వెంటనే ఒప్పుకోలేదు. కానీ ఆయన చెప్పిందే నిజమని తర్వాత తేలింది.

సర్రా మన దేశంలో ఇప్పటికీ ఉంది. దాన్ని మోసేది జోరీగ. జబ్బు పశువును కుట్టి, వెంటనే పక్క పశువును కుడుతుంది. మూతికి అంటిన రక్తంతో జబ్బు అంటిస్తుంది. జోరీగ పిల్లలు తడి బురదలో పెరుగుతాయి. గౌతమి ఒడ్డున, కాలవల పక్కన తడి బురదకు కొదవలేదు. వానాకాలంలో జోరీగలు ఎక్కువ. ఆవులు, గేదెలు పైకి బాగానే కనబడుతూ ఈ జబ్బును మోయవచ్చు. యానాం పుదుచ్చేరి కిందిది, చుట్టుపక్కల ఊళ్ళు ఆంధ్రవి. ఈగకు ఆ హద్దు తెలీదు.

సర్రా పట్టిన గుర్రం చాలాసార్లు మేత మానదు. తింటూనే చిక్కిపోతుంది. చిగుళ్ళు పాలిపోతాయి. పొట్ట కింద, కాళ్ళకు వాపు దిగుతుంది. జ్వరం వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. జ్వరం ఉన్నప్పుడు రక్తంలో ఆ జీవులు బాగా కనిపిస్తాయి. జ్వరం తగ్గిన రోజు కనబడకపోవచ్చు. ఆ రోజు రక్తం తీస్తే "ఏమీ లేదు" అని రావచ్చు. ఇంటివాళ్ళు నిశ్చింతగా ఉంటారు. గుర్రం చచ్చిపోతుంది.

మరి జ్వరం ఏ రోజు వచ్చిందో ఎలా తెలుస్తుంది? రాసి పెట్టుకుంటేనే తెలుస్తుంది. నేర్చుకున్న అక్షరానికి ఇక్కడ పని ఉంది.

పుస్తకంలో రాయండి

థర్మామీటరు పెట్టడం డాక్టరు దగ్గర నేర్చుకోండి. మలద్వారంలో పెట్టి చూడాలి. గుర్రానికి వెనక నిలబడవద్దు, పక్కన నిలబడాలి. మామూలుగా గుర్రం వేడి 99 నుంచి 101.5 డిగ్రీలు ఉంటుంది. రోజూ పొద్దున, సాయంత్రం ఒకే వేళకు చూసి రాయండి. ఇలా ఉంటుంది:

సోమవారం: 100. మేత తిన్నది.
మంగళవారం: 100.5. మేత తిన్నది.
బుధవారం: 104. మేత సగం వదిలేసింది.
గురువారం: 103. కాళ్ళకు వాపు.
శుక్రవారం: 100.5. మేత తిన్నది.

శుక్రవారం మాత్రమే చూసినవారికి గుర్రం బాగానే ఉంది. పుస్తకం చూసిన డాక్టరుకు బుధవారం కూడా కనిపిస్తుంది. మళ్ళీ 104 వచ్చిన రోజు వెంటనే కబురు చెయ్యమంటారు. ఆ రోజే రక్తం తీస్తారు.

బరువు కూడా రాయండి. తూకం అక్కర్లేదు. దర్జీ టేపు చాలు. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టూ కొలవండి. భుజం ముందు ఎముక నుంచి పిర్ర చివరి ఎముక దాకా పొడవు కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించండి. వచ్చినదాన్ని పొడవుతో గుణించండి. దాన్ని 11,880తో భాగించండి. ఇంచుమించు కిలోల బరువు వస్తుంది.

చుట్టుకొలత 150 సెంటీమీటర్లు, పొడవు 140 అయితే బరువు 265 కిలోలు. నెల తర్వాత చుట్టుకొలత 146 అయితే బరువు 251 కిలోలు. టేపు మీద తగ్గింది 4 సెంటీమీటర్లే. ఒంట్లో తగ్గింది 14 కిలోలు! రోజూ చూసే కన్ను దీన్ని పట్టుకోలేదు. సర్రా మందు కూడా బరువును బట్టే ఇస్తారు. తక్కువ పడితే జబ్బు తిరగబెడుతుంది. ఎక్కువైతే గుర్రానికి ప్రమాదం. అందుకే దుకాణంలో అడిగి సూది వేయించకండి.

ఒక హెచ్చరిక. చిక్కిన గుర్రానికి ముక్కులోంచి చీము కారుతున్నా, ఒంటిమీద గడ్డలు లేచి పగులుతున్నా ముట్టుకోకండి. అది గ్లాండర్స్ అనే జబ్బు కావచ్చు. అది మనుషులకూ అంటుతుంది. గుర్రాన్ని విడిగా కట్టి, వెంటనే పశువుల డాక్టరుకు చెప్పండి. 2009 చట్టం ప్రకారం ఈ జబ్బు సంగతి ప్రభుత్వానికి తెలియజేయాలి.

గుర్రం లేనివాళ్ళకు ఈ మాటలు ఎందుకంటారా? గేదె చిక్కినా, మేక చిక్కినా వెతికే వరస ఇదే. మేత, నోరు, పేడ, జ్వరం, బరువు. పశువు తన బాధ చెప్పుకోలేదు. దాని తరఫున మనం రాయాలి. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు పశువుతోపాటు ఆ పుస్తకాన్ని కూడా తీసుకెళ్ళండి.