కొన్నింటినే తినే బిడ్డ: మన చేతిలోని అమానతు



సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు అని తరచూ చెప్పుకుంటాము. ఆ అమానతులో మనం అంతగా పట్టించుకోని ఒక భాగాన్ని గురించి ఈ జుమా నాడు మాట్లాడుకుందాము.

కొందరు పిల్లలు తెల్లన్నం, పెరుగు, ఒకే రకం బిస్కెట్టు తప్ప మరేదీ ముట్టరు. అన్నంలో కరివేపాకు కనబడినా పళ్లెం తోసివేస్తారు. మనం దానిని మొండితనమంటాము. బంధువులు తల్లి గారాబమంటారు. దీని తీవ్రరూపాన్ని 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం ఒక ప్రత్యేక రుగ్మతగా తన వర్గీకరణలో చేర్చింది. ఆటిజం గల పిల్లలలో ఇది మరింత తరచుగా కనిపిస్తుంది. ఒక వాసన, ఒక రంగు, నోటికి తగిలే జిగట కూడా వారికి భరింపరానివి కాగలవు.

దైవప్రవక్త (స) ముందు ఒకసారి కాల్చిన దబ్ మాంసం ఉంచారు. దబ్ అంటే ఉడుమును పోలిన ఎడారి జంతువు. అది ఏమిటో తెలియగానే ఆయన చేయి వెనక్కు తీసుకున్నారు. ఇది నిషిద్ధమా అని ఖాలిద్ బిన్ వలీద్ (రజి) అడుగగా, కాదనీ, తమ జాతివారి నేలలో అది లేనందున మనసు ఒప్పడం లేదనీ సెలవిచ్చారు. ఖాలిద్ (రజి) దానిని తన వైపు లాగుకొని తిన్నారు. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు. పెద్దల మనసుకే ఇంత వెసులుబాటు ఉండగా, నాలుగేళ్ల బిడ్డ నోరు తెరిపించి ముద్ద కుక్కడానికి మనకు ఆధారం ఎక్కడిది?

అలాగని ఊరక వదిలివేయనూరాదు. అన్నం, పాలతో పొట్ట నిండుతుంది, బరువు కూడా తగ్గకపోవచ్చు. పాలలో ఇనుము అత్యల్పం. బిస్కెట్టును చాయ్‌లో ముంచి ఇచ్చే మన అలవాటు ఉన్న కాస్త ఇనుమును కూడా ఒంటికి సరిగా పట్టనివ్వదు. పళ్లు, కూరలు అసలే లేకుంటే విటమిన్ సి లోపించి చిగుళ్ల నుండి రక్తం కారవచ్చు, కాళ్ల నొప్పితో బిడ్డ నడవనని ఏడవవచ్చు. దానినీ మొండితనమే అనుకుంటాము! 2019లో ఇంగ్లండు వైద్యులు ప్రచురించిన ఒక ఉదంతంలో, ఏళ్ల తరబడి చిప్స్, తెల్ల బ్రెడ్డు వంటివే తిన్న కుర్రవాని చూపు శాశ్వతంగా దెబ్బతిన్నది. చూడడానికి అతడు బక్కపలుచగా లేడు.

కనుక పిల్లల వైద్యునికి చూపించి హిమోగ్లోబిన్, ఫెరిటిన్, బి12, విటమిన్ డి పరీక్షలు అవసరమేమో అడగండి. ఇనుము మందును సొంతంగా కొని పోయకండి. మోతాదు మించితే ప్రాణాపాయం. ఇంట్లో, బిడ్డ తినే పెరుగన్నం పక్కనే, దానికి తగలకుండా, చిటికెడు పప్పు ఉంచండి. తినమని అనకండి. ముట్టుకున్నా, వాసన చూసినా ఆ పూటకు చాలు. పది పదిహేను సార్లు కనబడితే గాని కొత్త పదార్థంపై బెరుకు పోదు, కొందరికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. పెరుగన్నంలో రహస్యంగా ఏదీ కలపకండి. పసిగడితే ఆ ఒక్కటీ మానివేయగలడు.

ఇక వలీమా విందులు. బిడ్డ బిర్యానీ ముట్టకుంటే పదిమందీ చూస్తారు, తల్లి తల దించుకుంటుంది. ఆమె సంచిలో పెరుగన్నం డబ్బా తెచ్చుకొని ఉంటే, ఒక చెంచా ఇచ్చి, సందడి తక్కువగా ఉన్న మూల కుర్చీ చూపించి, ఏమీ అడుగకుండా పక్కకు తప్పుకోవలసిందిగా విందు ఇచ్చేవారిని కోరుతున్నాము.