పంచాయతీ ట్రాక్టరు: హెడ్ గ్యాస్కెట్ సంరక్షణ

(ప్రసంగ పాఠము)



గ్రామములోని బడి, బావి, వీధి దీపములు ఎట్లు ప్రజల ఆస్తియో, పంచాయతీ ట్రాక్టరును అట్లే ప్రజల ఆస్తి. తెలంగాణలో 2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము సందర్భముగా గ్రామ పంచాయతీలు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూర్చుకొన్నవి. చెత్త తరలించుట, మొక్కలకు నీరు పోయుట, ఎండకాలమున ట్యాంకరుతో నీరందించుట మొదలగు పనులు ఈ బండ్లతోనే సాగుచున్నవి. నాడు కొత్తవైన బండ్లు నేడు పాతబడినవి. బండి పాతబడుకొలది ఇంజినులో ముందుగా కనిపెట్టి చూడవలసిన భాగములలో హెడ్ గ్యాస్కెట్ ఒకటి. దానిని గురించియే నేడు మీకు మనవి చేయదలచినాము.

ఇంజినులో పిస్టన్లు ఆడు భాగమును బ్లాకు అందురు. దానిపై మూతవలె బిగింపబడినది సిలిండరు హెడ్. ఈ రెండింటి నడుమ నుండు పలుచని రేకే హెడ్ గ్యాస్కెట్. దాని మందము సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే. కాని అది చేయు పని గొప్పది. డీజిలు ఇంజినులో గాలి 16 లేక 18వ వంతునకు నొక్కబడి, 500 డిగ్రీల సెంటిగ్రేడుకు మించి వేడెక్కును. ఆ మంటను, ఆ ఒత్తిడిని సిలిండరులోనే నిలుపవలెను. ప్రక్కనే ప్రవహించు నీరును, ఆయిలును ఒకదానితో నొకటి కలియకుండ కాపాడవలెను. ఆ రేకు ఒక్కచోట కాలినను ఈ మూడును కలిసిపోవును.

గ్యాస్కెట్ దానంతటది చెడుట అరుదు. ఇంజిను మితిమీరి వేడెక్కుటయే ముఖ్య కారణము. రేడియేటరు జాలిలో ఊక, పొట్టు, దుమ్ము పేరుకొనుట, ఫ్యాను బెల్టు వదులగుట, నీరు తగ్గుట, థర్మోస్టాటు మూసుకొనిపోవుట, ఇవి వేడికి మూలములు. వేడికి హెడ్ వంగును. వంగిన చోట గ్యాస్కెట్ పట్టు తప్పును. కావున డ్రైవరు ప్రతి ఉదయము ఇంజిను చల్లగా నున్నప్పుడే రేడియేటరు నీటిని, ఆయిలు మట్టమును చూడవలెను. జాలిని తరచుగా శుభ్రపరుపవలెను. రేడియేటరులో బోరు నీరు పోయుట మంచిది కాదు. అందలి సున్నము లోపల పట్టి నీటి దారిని మూయును. తయారీదారు చెప్పిన కూలెంటును చెప్పిన పాళ్లలోనే కలిపి పోయవలెను.

గ్యాస్కెట్ చెడినదనుటకు కొన్ని గుర్తులు కలవు. బయట ఎక్కడను కారకయే నీరు తగ్గుచుండును. ఇంజిను వేడెక్కిన తరువాతను పొగగొట్టము నుండి తెల్లని ఆవిరి ఆగక వచ్చుచుండును. రేడియేటరులో బుడగలు లేచును. ఆయిలు పుల్లను తీసి చూడగా ఆయిలు పాలు కలిసిన టీ రంగున నుండును. బరువు లాగు శక్తి తగ్గును. అయితే ఒక్క గుర్తుతోనే తీర్పు చెప్పరాదు. ఇంజెక్టరు చెడినను తెల్లపొగ రావచ్చును. ఆయిలు కూలరు పగిలినను నీరు ఆయిలులో కలియవచ్చును. హెడ్ విప్పుటకు ముందు ఒత్తిడి పరీక్ష చేయించుట ఉచితము.

ఇట్టి గుర్తులు కనిపించిన పిమ్మట బండి నడుపరాదు. ఇచ్చట మీ బాధ్యత గలదు. “వీధిలో నీళ్లు లేవు, ఇంకొక్క ట్రిప్పు వేసి రమ్ము” అని డ్రైవరును తొందరపెట్టుట సభ్యులకు సహజము. కాని నీరు కలిసిన ఆయిలు బేరింగులను కాపాడలేదు. ఆ ఒక్క ట్రిప్పుతో గ్యాస్కెట్ ఖర్చు ఇంజిను ఖర్చు కావచ్చును. ఒకనాటి నీటి కొరత అనేక దినముల కొరత కావచ్చును. బండి ఆపిన డ్రైవరును నిందింపక, మెచ్చుకొనవలెను. ఇంజిను కాగుచుండగా రేడియేటరు మూత తీయరాదు. వేడినీరు చిమ్మి ముఖము కాలును. కాగిన ఇంజినులో చన్నీరు పోసినచో హెడ్ పగులును.

ఇక మరమ్మతు సంగతి. ఇది అనుభవము గల మెకానిక్కు పని. అయినను సక్రమముగా జరుగుచున్నదో లేదో మీరు గమనింపవచ్చును. ఇంజిను పూర్తిగా చల్లారిన పిమ్మటనే హెడ్ బోల్టులను అంచుల నుండి నడిమికి, కొంచెము కొంచెముగా వదులు చేయవలెను. పుష్ రాడ్లను తీసిన వరుసలోనే ఉంచవలెను. మిక్కిలి పాత బండ్ల గ్యాస్కెట్లలో రాతినార ఉండవచ్చును. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదకరము; కావున దానిని పొడిగా గీకరాదు, తడిపి తీయవలెను. హెడ్ వంగినదేమో సరళమైన ఉక్కు పట్టీతోను, ఫీలరు గేజితోను పరీక్షింపవలెను. వంపు తయారీదారు చెప్పిన హద్దును మించినచో లేతు వర్కుషాపులో చదును చేయింపవలెను. ఈ పరీక్ష మానినచో కొత్త గ్యాస్కెట్ కూడ త్వరలోనే కాలును.

బోల్టు రంధ్రములలో నీరు గాని ఆయిలు గాని నిలువరాదు. పాత గ్యాస్కెట్‌ను తిరిగి వాడరాదు. బోల్టులను నడిమి నుండి అంచులకు, పుస్తకములో చూపిన వరుసలో, దశలవారీగా టార్క్ రెంచితోనే బిగింపవలెను. చేతి అంచనా ఇచ్చట చాలదు. తరువాత టాపెట్లు సరిచేసి, ఆయిలును, ఫిల్టరును మార్చి, డీజిలు గొట్టములలోని గాలిని తీసివేయవలెను. కొన్ని ఇంజిన్లకు కొంతసేపు నడిచిన పిమ్మట బోల్టులను మరల బిగింపవలసియుండును. మరికొన్నింటికి అట్లు చేయరాదు. ఆ బండి పుస్తకమే ఇందుకు ప్రమాణము.

ప్రతి పంచాయతీయు ట్రాక్టరుకు లాగ్ పుస్తకము నుంచవలెను. నడిచిన గంటలు, పోసిన ఆయిలు, చేసిన మరమ్మతు అందులో వ్రాయవలెను. మరమ్మతుకు ముందు అంచనా తీసికొని సమావేశములో ఉంచుడు. తీసిన పాత భాగములను, బిల్లులను గ్రామస్థులు చూచునట్లు భద్రపరచుడు. వేసవి రాకమునుపే, శీతకాలములోనే బండిని పరీక్ష చేయింపుడు. లెక్క తేటగా నున్నచోట అనుమానమునకు తావుండదు. ఇంజిను చల్లగా నున్నచోట బిందెలు ఖాళీగా నుండవు.