ప్రాచీన నగరములు – బృందయాత్ర



గుంపుగూడి దూరదేశములకు బోవుట మనకు క్రొత్త కాదు. రైలుబండి లేని దినములలో కాశికి బోవువారు బండ్లు కట్టుకొని, వంటవారిని, పరిచారకులను వెంటబెట్టుకొని, తోడివారితో గలిసి బయలుదేరెడివారు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరమున చెన్నపట్టణము విడిచి పెద్ద పరివారముతో కాశికి బోయి, మరుసటి సంవత్సరమున తిరిగి వచ్చిరి; దారిపొడుగునను తాము చూచినదానిని వ్రాసి మనకు మిగిల్చిరి. ఒంటరిగా బోవుటకు జంకు పెద్దలకు బృందమే ధైర్యము. నేడును అంతియే. ఎడ్లబండికి బదులు విమానమును, పండాకు బదులు మార్గదర్శియు వచ్చిన వనుటయే భేదము.

ఇటీవల నేను ముప్పదిమంది గల యొక బృందముతో ఇటలీ దేశమునకు బోయి, రోము, ఫ్లారెన్సు, వెనిసు నగరములను చూచి వచ్చితిని. ఆ విశేషములను, అట్టి యాత్రలో మనము నడచుకొనవలసిన తీరును నేడు మీతో ముచ్చటింతును.

మొదట ఏర్పాటు ఎట్టిదో చెప్పెదను. వీసా, విమానపు టిక్కెట్టు, బస, బస్సు, భోజనము—వీని భారమంతయు యాత్రా సంస్థ వహించును. మనదేశపు నిర్వాహకు డొకడు ఆద్యంతము మనతోనుండును. కాని ఇటలీలో పురాతన కట్టడములను వివరించుటకు ప్రభుత్వపు అనుమతిపత్రము గల మార్గదర్శులే అధికారులు. అందుచే ఊరూరను ఒక క్రొత్త మార్గదర్శి వచ్చి కలిసికొనును. ప్రతివానికిని చెవిలో పెట్టుకొను చిన్న యంత్రము నొకదాని నిత్తురు. మార్గదర్శి ముందు నడచుచు మెల్లగా మాటాడినను, వెనుకనున్న ముసలివానికి సైతము స్పష్టముగా వినబడును.

బస్సు సంగతి యొకటి చెప్పదగినది. చోదకుడు నాలుగున్నర గంటలు బండి నడిపినచో 45 నిమిషములు విశ్రమింపవలెనని యూరపు సమాఖ్య నియమము. మనము ఎంత తొందరపడినను బండి కదలదు. మావారిలో కొందరు విసుగుకొనిరి. ఎద్దులను నీడపట్టున విప్పి నీళ్లు త్రాగించినగాని మరల బండి కట్టని రైతునకు ఇందులో వింతలేదు.

రోము నగరమున కొలోసియము అను మహారంగస్థలము కలదు. క్రీస్తుశకము 80లో టైటసు చక్రవర్తి దానిని ప్రారంభించెను. సుమారు 50,000 మంది కూర్చుండి, మనుష్యులు మృగములతోడను, తమలో దామును పోరుచు చచ్చుటను వినోదముగా చూచెడివారట. ఆ శతాబ్దముననే ప్లినీ యను రోమను పండితుడు, మనదేశపు సరకులకై తమ ధనము ఏటేట తరలిపోవుచున్నదని వగచెను. ఆనాటి రోమను నాణెములు మన తెలుగు నేలలో సైతము త్రవ్వకములందు దొరకినవి. నేడు ఆ రంగస్థలము సగము కూలిన గోడలతో నిలిచియున్నది. ఆట ముగిసిన పిమ్మట దానికి కర్తలేడు. తరువాతివారు అందలి రాళ్లను దీసికొనిపోయి తమ కట్టడములకు వాడుకొనిరి.

దానికి కొలదిదూరమున పాంథియన్ అను ఆలయమున్నది. సర్వదేవతల గుడి యని ఆ పేరునకు అర్థము. హేడ్రియను చక్రవర్తి కాలమున, సుమారు 126వ సంవత్సరమున, అది ముగిసినది. దాని గుమ్మటపు వెడల్పు 43 మీటర్లు. ఇనుము కూర్పక కాంక్రీటుతోనే కట్టిన గుమ్మటములలో అంతటిది లోకమున నేటికిని మరొకటి లేదు. నడినెత్తిన సుమారు 9 మీటర్ల రంధ్రము కలదు. వెలుతురును, వానయు అందుండియే లోనికి వచ్చును; నీరు పోవుటకు నేలలో చిన్న చిన్న తూములు కలవు. ఇంత చెక్కుచెదరక అది నిలుచుటకు కారణమేమని అడిగితిని. 609వ సంవత్సరమున దానిని క్రైస్తవ దేవాలయముగా మార్చిరనియు, నాటినుండి అందు ప్రార్థన నిలువలేదనియు మార్గదర్శి చెప్పెను. దీపము పెట్టు ఇల్లు నిలుచును. పెట్టని ఇల్లు పాడుపడును. మన పల్లెలలో ఎరుగనివా రెవరు?

రోము వీధులలో మరియొక వేడుక. సుమారు 2,500 చోట్ల చిన్న ఇనుప స్తంభములనుండి మంచినీరు ఎల్లవేళల ధారగా పడుచుండును. 1874లో ఈ యేర్పాటు మొదలయ్యెను. ఎవరైనను డబ్బీయక త్రాగవచ్చును. మన చలివేంద్రములు జ్ఞప్తికి వచ్చి నాకు మిక్కిలి సంతోషమయ్యెను. ట్రేవి అను జలయంత్రమున యాత్రికులు నాణెములు విసరుదురు. రైలుబండి వంతెన దాటునపుడు గోదావరీమతల్లికి నాణెము సమర్పించువారికి ఇదియు వింత కాదు. ఆ నాణెముల నేరి బీదలకై వినియోగింతురు.

రోమునుండి ఫ్లారెన్సునకు బోయితిమి. అందలి ప్రధాన దేవాలయపు గుమ్మటమును బ్రూనెలెస్కీ యను శిల్పి 1420 మొదలు 1436 వరకు కట్టించెను. ఐనను నా మనస్సున నిలిచినది గుమ్మటము కాదు, ఒక వరద వృత్తాంతము. 1966 నవంబరు 4వ తేదీన ఆర్నో నది పొంగి ఊరిని ముంచినది. గ్రంథాలయములలోని ప్రాచీన పుస్తకములును, చిత్రపటములును బురదపాలయ్యెను. అప్పుడు నానాదేశముల యువకులు వచ్చి, మోకాలిలోతు బురదలో నిలిచి, వానిని ఒక్కటొక్కటిగా వెలికిదీసిరి. ఊరివారు వారిని బురదలోని దేవదూతలనిరి. పరాయివాడు ఒక యూరికి ఎంత మేలు చేయగలడో దీనివలన తెలియును.

పరాయివారి రాక ఊరికి ఎంత బరువు కాగలదో తరువాత వెనిసు నగరమున తెలిసినది. ఆ నగరము సముద్రపు కయ్యలో నూటికి పైబడిన చిన్న దీవులమీద నున్నది. బురదలో కొయ్య గుంజలను దిగగొట్టి, వానిపై రాతిమేడలు కట్టిరి. వీధులకు బదులు కాలువలు. బండ్లకు బదులు పడవలు. చూచుటకు రెండు కన్నులు చాలవు. కాని 1951వ సంవత్సరమున ఆ దీవులలో సుమారు 1,75,000 మంది కాపురముండగా, 2022 నాటికి ఆ సంఖ్య 50,000కు లోబడినది. యాత్రికులో, లెక్కకు మిక్కిలి. ఇండ్లు బసలైనవి, వెచ్చములమ్ము అంగళ్లు ఆటబొమ్మల యంగళ్లైనవి.

పౌరులు మొరపెట్టుకొనగా పెద్ద ఓడలు ఊరి నడుమనుండి పోరాదని 2021లో శాసించిరి. ఉదయము వచ్చి సాయంకాలమునకు మరలు యాత్రికులు కొన్ని దినములలో 5 యూరోలు చెల్లింపవలెనని 2024లో విధించిరి. ఆ యేటనే, ఒక మార్గదర్శి వెంట 25 మందికి మించి నడువరాదనియు, ధ్వనివిస్తారక యంత్రముల నుపయోగింపరాదనియు నియమమును అమలులోనికి తెచ్చిరి. అందుచే మా ముప్పదిమందిని రెండు పాయలు చేసిరి.

ఒక ఇరుకు సందులో బోవుచుండగా మా బృందమువారు కొందరు ఫోటోలకై నిలిచి బిగ్గరగా కేకలు వేసికొనుచుండిరి. పైయంతస్తున ఒక వృద్ధుడు కిటికీలో నుండి మమ్ము చూచెను. కోపపడలేదు, ఒక్క మాటయు ననలేదు. మెల్లగా కిటికీ మూసికొనెను. మార్గదర్శిని మాతో నిట్లనెను: “నేను ఈ యూరనే పుట్టితిని. అద్దె చెల్లింపజాలక ఇప్పుడు వంతెన కావల కాపురమున్నాను. మీరు రాకున్న నాకు కూడు లేదు. మీరు ఎక్కువైన నాకు ఊరు లేదు.” ఆ మాటకు మాలో ఎవ్వరును బదులు చెప్పలేకపోయిరి.

అయ్యలారా! అమ్మలారా! అతిథి యనగా తిథి నియమము లేక వచ్చినవాడు. అతిథిని పూజింపుమని గృహస్థునకు ధర్మము చెప్పిరి. అతిథికి మాత్రము ధర్మము లేదా? ఇంటివారి నిద్రకును, నడవడికిని భంగము కలిగింపకుండుటయే ఆ ధర్మము. ఆ వెనిసు నగరమునుండియే 1271లో బయలుదేరి 1295లో ఇల్లు చేరిన మార్కోపోలో మన మోటుపల్లి దేశమును గూర్చి వ్రాసెను. వజ్రములను, సాలెగూటి దారమువలె సన్ననైన వస్త్రములను, న్యాయముగా పాలించిన యొక రాణిని ప్రశంసించెను. ఆ రాణి మన రుద్రమదేవియే యని చరిత్రకారులు తలంతురు. పనితనమును, పాలనను చూచి మెచ్చి పోయినవాడు గనుకనే ఏడువందల యేండ్లకును మనము వాని పేరు తలంచుచున్నాము.

కావున, మీ బిడ్డలు మిమ్ము ఇట్టి యాత్రకు బంపదలచినచో నాలుగు మాటలు జ్ఞాపకముంచుకొనుడు. వారము దినములలో పది నగరములు చూపుదుమను ప్రకటనకు లోబడకుడు; ఏ యూర నెన్ని రాత్రులు నిలుపుదురో అడుగుడు. చూచి పరుగెత్తువానికంటె రాత్రి నిలిచినవానివలననే ఊరివారికి లాభమెక్కువ. పోకమునుపు ఆ యూరి చరిత్రము కొంత చదువుడు. రాళ్లు పరచిన వీధులలో నడకకు మెత్తని జోళ్లును, మీ మందులును దగ్గరనుంచుకొనుడు. గుంపులలో జేబు భద్రము. వారి ప్రార్థనాలయములలో మన గుడిలోవలెనే మెలగుడు. సన్నని సందులలో ఒకరి వెనుక నొకరుగా, మెల్లగా మాటాడుచు నడువుడు. కొనదలచిన వస్తువును దానిని చేసిన పనివాని చేతనుండియే కొనుడు.

రాతికట్టడములను కాపాడుటకు పండితులున్నారు, ధనమున్నది. కాపురములను కాపాడుట మాత్రము వచ్చి పోవువారి మర్యాదపైనను కొంత ఆధారపడియున్నది. మనము మరలి వచ్చిన పిదప ఆ కిటికీలు మరల తెరవబడునట్లు నడచుకొందుము గాక.

సెలవు.