ఇంటికి తీసుకుపొమ్మన్న తరువాత



మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే బెంగుళూరు రైలెక్కడం మామూలే. అక్కడ అన్నీ చూసి, "ఇంక ఇంటికి తీసుకుపోండమ్మా" అంటే మనకు కాళ్ళూ చేతులూ ఆడవు. చేయవలసింది అయిపోయిందనుకుంటాం. అయిపోలేదు. జబ్బు నయం కాకపోవచ్చు గాని, బాధను తగ్గించవచ్చు. దీన్నే పాలియేటివ్ కేర్, అంటే ఉపశమన చికిత్స అంటారు.

మా అత్తగారు పెనుకొండలో కాన్సరుతో మంచాన పడ్డప్పుడు నాకీ సంగతి తెలియదు. రాత్రుళ్ళు ఆమె మూలుగుతుంటే "కాస్త ఓర్చుకో అత్తా" అనేదాన్ని. ఒకనాడు ఆమె, "ఎంతని ఓర్చుకునేది? నువ్వే చెప్పమ్మా" అంది. నేను జవాబు చెప్పలేకపోయాను.

నొప్పికి ఓర్పు మందు కాదు. తీవ్రమైన కాన్సరు నొప్పికి నోటితో మింగే మార్ఫిన్ ఇవ్వవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. నొప్పి ముదిరేదాకా ఆగకుండా, గడియారం చూసి వేళకు ఇవ్వాలి. "అలవాటు పడిపోతారేమో" అని జంకుతాం. డాక్టరు చెప్పిన మోతాదులో వాడుతున్నప్పుడు ఆ భయంతో మందు మానిపించకండి. మలబద్ధకం చేస్తుంది కనుక దానికీ మందు అడగండి. మార్ఫిన్ అన్ని మందుల షాపుల్లోనూ దొరకదు. 2014లో చట్టాన్ని సవరించి ఆసుపత్రులకు అనుమతులు సులువు చేశారు. అందుచేత ఇంటికి పంపే రోజునే, "నొప్పి వస్తే ఏమివ్వాలి? ఎక్కడ దొరుకుతుంది? రాత్రివేళ ఎవరిని అడగాలి?" అని గట్టిగా అడిగి, కాగితం మీద రాయించుకోండి.

ఇక ఇంట్లో మనం చేయగలిగినవి. వీపున పుండ్లు పడకుండా రెండేసి గంటలకు పక్కకు తిప్పండి. తడిగుడ్డతో పెదవులు, నోరు తుడవండి. తిననంటే బలవంతం చేయకండి. దగ్గర కూర్చుని వాళ్ళు చెప్పేది వినండి.

మరి సేవ చేసే ఇల్లాలి మాటేమిటి? ధర్మవరంలో పగలంతా మగ్గం పని, రాత్రంతా మంచం పక్కన జాగారం అయితే ఆమె ఏమైపోవాలి? 1993లో కోళిక్కోడులో చిన్న క్లినిక్కుగా మొదలైన పని, ఇరుగుపొరుగులు తలా ఒక చెయ్యి వేయబట్టి కేరళలో ఊరూరా వ్యాపించింది. మన వీధిలోనూ అది సాధ్యమే. పలకరించడానికి వెళ్ళి కన్నీళ్ళు పెట్టుకుని వచ్చేకంటే, "నేను కూర్చుంటాను వదినా, నువ్వు రెండు గంటలు పడుకో" అనండి.

మా అత్తగారికి నేను చెప్పలేకపోయిన జవాబు ఇదే. మీరైనా మీవాళ్ళకు వేళకు చెప్పండి. సెలవు.